కర్రీ పాయింట్ అక్క నడుము నొప్పి, ఆమెకు అందిన సలహాలు: ఒక ఫిజియో కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ నాది. నడుము నొప్పితో ఎవరొచ్చినా కేస్ షీట్‌లో మామూలుగా రాసేవన్నీ రాసుకుని కింద ఇంకో సగం పేజీ ఖాళీగా ఉంచుకుంటాను, ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేం చెప్పారో అడిగి రాసుకోవడానికి. మన దగ్గర నడుము పట్టిందని నోరు తెరిస్తే చాలు, అత్తగారి నుంచి ఇస్త్రీ బండి ఆయన దాకా అందరి దగ్గరా ఏదో ఒక ఉపాయం ఉంటుంది. మనిషి నా దగ్గరికి వచ్చేసరికి అవన్నీ వినేసి, కొన్ని చేసేసి, మిగతావాటికి భయపడి ఉంటారు, అవేంటో తెలుసుకోకుండా నేనొక ఎక్సర్‌సైజ్ షీట్ చేతిలో పెడితే అది కూడా ఆ వరసలో చేరిపోతుంది అంతే. ఈ కేసులో డిస్క్ సమస్య కన్నా సలహాల సమస్య పెద్దది, నా పనిలో సగం పైన అక్కడే జరిగింది, అందుకే వివరంగా రాస్తున్నాను. పేషెంట్ ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమెకు 43 ఏళ్లు. భార్యాభర్తలు కలిసి కర్రీ పాయింట్ నడుపుతారు. తెల్లారకముందే లేచి అన్నం, పప్పు, సాంబారు, రెండు మూడు ఫ్రైలు, ఒక నాన్‌వెజ్, మధ్యాహ్నం దాకా కౌంటర్‌లో నిలబడి కవర్లలో కట్టివ్వడం, సాయంత్రం మళ్ళీ అదే. ఉల్లిగడ్డలు కోసేది కింద పీట మీద కూర్చుని, 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఎత్తి స్టాండ్ మీద పెట్టేది కూడా ఆమే. మిరుగం వచ్చిన వారంలో ఒకరోజు పెద్ద గంజు వంచి అన్నం వారుస్తుంటే నడుములో కలుక్కుమంది. రెండు మూడు రోజుల్లో నడుము నొప్పి కాస్త తగ్గి ఎడమ కాల్లోకి దిగింది, పిర్ర నుంచి తొడ పక్కగా, పిక్క బయటి వైపు నుంచి పాదం పైన బొటనవేలి దాకా గుంజుడు, తిమ్మిరి. ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలిశారు, ఎంఆర్ఐ తీయించారు. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములో నాలుగో, అయిదో పూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ బయటికి పొడుచుకొచ్చి ఎడమ ఎల్5 నరాన్ని నొక్కుతోందని రిపోర్ట్, దాంతో పాటు పైనా కిందా ఇంకో రెండు డిస్కుల్లో బల్జ్, అంటే కొద్దిగా ఉబ్బు, అని ఉంది. డాక్టర్ కొద్దిరోజుల మందులు రాసి, ఫిజియో చేయించుకో, కాలు బలం తగ్గితే వెంటనే రా, తగ్గకపోతే ఆపరేషన్ సంగతి మాట్లాడదాం అన్నారట. నా అభిప్రాయంలో అది మంచి సలహా, అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ అక్కడి నుంచి నా దగ్గరికి రావడానికి ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాల్లో ఊరంతా మాట్లాడింది.

కర్రీ పాయింట్ అంటే రోజూ వంద మంది వచ్చి రెండేసి నిమిషాలు నిలబడే చోటు. ఆమె బెల్టు కట్టుకుని కుంటుతూ కవర్లు కడుతుంటే అడగనివాళ్లు లేరు, అడిగినవాళ్లు ఒక మాట చెప్పకుండా పోలేదు. దానికితోడు చుట్టాలు, చిట్టీల గ్రూపులో ఆడవాళ్లు, ఫోన్‌కి వచ్చే వీడియోలు.

మొదటిసారి వచ్చినప్పుడు ఎలా ఉందో చెప్తాను. ఒళ్లు కుడివైపుకి వాలిపోయి నడుస్తోంది, చీర మీద బెల్టు ఎంత బిగించిందంటే గట్టిగా ఊపిరి తీసుకోలేకపోతోంది. పడుకోబెట్టి ఎడమ కాలు నిటారుగా లేపితే 40 డిగ్రీల దగ్గరే పిక్కలోకి జివ్వున లాగింది. పాదం పైభాగంలో దూదితో తాకితే కుడివైపంత తెలియడం లేదు. బొటనవేలు పైకి లేపి పట్టుకోమని నేను కిందికి నొక్కితే కుడిది కదల్లేదు, ఎడమది లొంగింది, మా లెక్కలో 5కి 4. మడమల మీద నడవగలిగింది గానీ కొంచెం దూరానికే ఎడమ పాదం ముందుభాగం కిందికి జారుతోంది. మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం, కూర్చునే చోట స్పర్శ తగ్గడం, రెండు కాళ్లూ బలం పోవడం, ఇవన్నీ ఒక్కొక్కటీ అడిగాను, ఏవీ లేవు. వీటిలో ఏదున్నా ఫిజియో దగ్గర టైం వేస్ట్ చేయకూడదు, గంటల్లో సర్జన్ ముందు ఉండాలి, ఇది మాత్రం సలహాగా కాదు, రూల్‌గా తీసుకోండి.

తర్వాత నేల మీద ఉన్న చెప్పు తీయమన్నాను. తీయలేదు. నొప్పి వల్ల కాదు, అసలు ట్రై చేయలేదు. "వద్దు సార్, వంగితే డిస్క్ మొత్తం బయటికొస్తది అన్నరు, నరం తెగుతదంట" అంది. ఎవరన్నారక్కా అంటే, "అందరూ అంటున్నరు" అంది. అప్పుడు పేజీ తీసి, అందరూ అంటే కుదరదు, ఒక్కొక్కళ్లనీ చెప్పు, రాసుకుంటా అన్నాను. చాలాసేపు పట్టింది. వాళ్లాయన పక్కన కూర్చుని ఆమె మర్చిపోయినవి గుర్తుచేస్తూ ఉన్నాడు.

ఆడబిడ్డ పరుపు తీసేసి బండల మీద చాపేసుకుని పడుకోమంది, ఆరు వారాల నుంచీ అట్లే పడుకుంటోంది. పక్కింటాయన తన పాత బెల్టు ఇచ్చి నిద్రలో తప్ప తీయొద్దన్నాడు. అమ్మ ఊరికి తీసుకెళ్లి ఎదురుకాళ్లతో పుట్టిన ఒక పిల్లాడి చేత నడుము మీద కాలితో తన్నించింది, మన ఊళ్లల్లో నడుము పడితే ఇది చేయించనివాళ్లు తక్కువ. మేనల్లుడు రెండు వీడియోలు పంపాడు, ఒకదాంట్లో బోర్లా పడుకుని పైకి లేవాలి, రెండోదాంట్లో కూర్చుని ముందుకు వంగి కాలివేళ్లు పట్టుకోవాలి. రోజూ పప్పు కట్టించుకెళ్లే ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి అస్సలు ముందుకు వంగకూడదని చెప్పాడు, అతనికి అతని జిమ్ ట్రైనర్ చెప్పాడట. చిట్టీల గ్రూపులో ఒకామె మెట్లెక్కొద్దు, ఇంకొకామె కింద కూర్చోవద్దు, మూడో ఆమె బండి ఎక్కొద్దు అన్నారు. ఒక పెద్దావిడ నల్లేరు పచ్చడి తినమని నల్లేరు తెచ్చి మరీ ఇచ్చింది. ఆపరేషన్ చేయించుకుంటే మంచాన పడతావు, మా బావగారికి అట్లే అయింది అని ఒకరు. మెడికల్ షాపులో నొప్పి గోలీలు ఇచ్చారు, చీటీ లేకుండానే, రోజుకు రెండు చొప్పున అయిదు వారాల నుంచి మింగుతోంది. ఇంకా ఉన్నాయి గానీ ముఖ్యమైనవి ఇవి. చివరలో వాళ్లాయన ఇంకొకటి చెప్పాడు, రోజూ రాత్రి సాంబారు తీసుకెళ్లే ఆటో ఆయన, "నాక్కూడా గిట్లనే కాల్లకు దిగిందమ్మా, మెల్లగ రోజు నడిచిన, మూడు నెలలకు పోయింది" అన్నాడట. ఆమెకు ఆ మాట గుర్తే లేదు.

ఇక్కడే కాసేపు ఆగాలి, ఈ కేసులో నాకు అతి ముఖ్యంగా అనిపించింది ఇదే. ఒక్కొక్క సలహా విడిగా చూస్తే పెద్దగా చెడ్డదేం కాదు, అందరూ ప్రేమతోనే చెప్పారు, చాలామందికి వాళ్ల ఒంట్లో అది నిజమే అయ్యుంటుంది కూడా. కానీ "చేయి" అనే సలహాలు ఒకదానికొకటి అడ్డుపడతాయి, ఒక వీడియో వెనక్కి వంగమంటే ఇంకోటి ముందుకు వంగమంటుంది, మనిషి అయోమయంలో పడి రెండూ మానేస్తాడు. "చేయొద్దు" అనేవి మాత్రం ఒకదానితో ఒకటి గొడవ పడవు, అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. వంగొద్దు, ఎత్తొద్దు, కూర్చోవద్దు, మెట్లెక్కొద్దు, బండెక్కొద్దు, బెల్టు తీయొద్దు, ఇవన్నీ కలిపితే మనిషికి మిగిలేది ఏంటి? చాప మీద పడుకోవడం. ఏ ఒక్కరూ ఆమెను మంచాన పడమని చెప్పలేదు, అందరూ కలిసి అక్కడికే తీసుకొచ్చారు.

ఇంకో సంగతి, భయపెట్టిన మాటలు ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, ధైర్యం ఇచ్చిన ఒకే ఒక్క మాట గుర్తులేదు. మీరు కూడా గమనించండి, నడుము నొప్పి తగ్గిపోయినవాళ్లు దాని గురించి మాట్లాడరు, వాళ్ల పనుల్లో వాళ్లు ఉంటారు, మర్చిపోతారు. ఇంకా తగ్గనివాళ్లు, ఆపరేషన్ తర్వాత ఇబ్బంది పడ్డవాళ్లు, లేదా అట్లాంటివాళ్ల చుట్టాలు మాట్లాడతారు. అందుకే పది మంది చెప్పింది వింటే ఈ జబ్బు నిజంగా ఉన్నదానికన్నా చాలా భయంకరంగా కనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో 1999లో 183 మంది సయాటికా (ఇట్లా నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) పేషెంట్ల మీద చేసిన ట్రయల్ ఒకటుంది, సగం మందిని రెండు వారాలు మంచం మీద రెస్ట్ తీసుకోమన్నారు, మిగతావాళ్లను మామూలు పనులు చేసుకోమన్నారు, 12 వారాలకు రెండు గుంపుల్లోనూ 87 శాతం మందికి మెరుగైంది. అంటే ఆ ఆటో ఆయన మాట అదృష్టవంతుడి మాట కాదు, మామూలుగా ఎక్కువమందికి జరిగేదే ఆయన చెప్పాడు. ఇది ఆమెకు రెండు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మొదటిరోజు ఎక్సర్‌సైజ్ ఏమీ ఇవ్వలేదు. బీపీ చూస్తే 150/94 ఉంది, ఇంతకుముందు బీపీ లేదట. నొప్పి గోలీలు వారాల తరబడి వాడితే బీపీ పెరగొచ్చు, కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు రావచ్చు, కాబట్టి ముందు ఆ గోలీల కవర్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నాను. ఆయన అవి ఆపించి వేరే మందు రాశారు, రక్తపరీక్షలు చేయించారు, కిడ్నీ బాగానే ఉంది, షుగర్ మాత్రం బార్డర్‌లో ఉందని తేలింది. ఇన్ని సలహాల్లో నేను గట్టిగా వద్దన్నది ఈ ఒక్కదాన్నే. నల్లేరు పచ్చడి తినమన్నాను, రుచిగా ఉంటుంది, డిస్క్‌కి ఏం చేయదు, నష్టం లేదు. పిల్లాడి చేత తన్నించుకోవడం గురించి ఆమె నేనేమంటానో అని మొహమాటంగా చూస్తోంది. చిన్నపిల్లాడు మెల్లగా కాలు ఆనించాడు కాబట్టి పర్లేదు, ఇకమీదట నడుము మీద ఎవరి బరువూ పడనివ్వొద్దు, అమ్మకు మాత్రం బాధపడేలా చెప్పొద్దు అన్నాను. ఆ తల్లి కూతురి కోసం ఊరు దాకా తీసుకెళ్లింది, దాన్ని తీసిపారేస్తే రేపు నేను చెప్పేది ఆ ఇంట్లో ఎవరు వింటారు?

మిగతా సలహాలను తప్పు, ఒప్పు అని నేను తేల్చలేదు. ఆమెతోనే పరీక్ష చేయించాను. ప్రతి సలహా పక్కన మూడు ప్రశ్నలు రాశాం: చెప్పినవాళ్లకు అసలు ఏమైంది, నాలాగా కాల్లోకి దిగిందా లేక నడుములోనే ఆగిందా, ఇప్పుడు వాళ్లు ఎలా ఉన్నారు. ఈ ప్రశ్నలు నన్ను అడగొద్దు, వాళ్లనే అడగమన్నాను. కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లే కాబట్టి వారంలో చాలావాటికి జవాబులు వచ్చేశాయి. ఆపరేషన్‌తో మంచాన పడ్డ బావగారికి జరిగింది డిస్క్ ఆపరేషన్ కాదు, యాక్సిడెంట్‌లో వెన్నెముక విరిగితే చేసిన ఆపరేషన్. పక్కింటాయనకు కాల్లోకి నొప్పి ఎప్పుడూ రాలేదు, బస్సులో కుదుపుకి నడుము పట్టింది, పది రోజుల్లో తగ్గింది, బెల్టు కట్టుకున్నా లేకున్నా తగ్గేదే. సాఫ్ట్‌వేర్ అబ్బాయికి అసలు నొప్పే లేదు. ఆమె ఆ పేపర్ పట్టుకుని రెండోసారి వచ్చినప్పుడు మొహంలోనే తేడా కనిపించింది, నిజం చెప్పాలంటే అప్పటికి కాలు నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదు.

అసలు పని అప్పుడు మొదలుపెట్టాం. ముందు పడక. 2003లో స్పెయిన్‌లో 313 మంది దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవాళ్లకు గట్టి పరుపు, మధ్యస్థంగా ఉన్న పరుపు ఇచ్చి చూశారు, మధ్యస్థంగా ఉన్నదే మెరుగ్గా పనిచేసింది, అయినా నేను ఆ లెక్క చెప్పి ఒప్పించలేదు, కొన్ని రాత్రులు చాప మీద, కొన్ని రాత్రులు ఇంట్లో ఉన్న దూది పరుపు మీద పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుని, పొద్దున లేవగానే కాలు గుంజుడు పదికి ఎంతో గోడ క్యాలెండర్ మీద రాయమన్నాను. చాప మీద ఏడు, ఎనిమిది, పరుపు మీద నాలుగు, అయిదు. చాప చుట్టేసింది. ఆడబిడ్డకు ఆ క్యాలెండర్ చూపించిందట, ఆమె కూడా ఒప్పుకుంది.

బెల్టు దగ్గర కొంచెం కష్టమైంది, ఎందుకంటే కట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది, ఆ ధైర్యాన్ని ఒక్కరోజులో లాగేయకూడదు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2016లో ఇచ్చిన గైడ్‌లైన్ నడుము నొప్పికీ సయాటికాకీ బెల్టులు, నడుమును లాగిపట్టే ట్రాక్షన్ వాడొద్దనే చెప్తుంది, కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్ మెషీన్లు కూడా వద్దంటుంది. మన సిటీలో చాలా క్లినిక్కుల్లో ఇప్పటికీ పొద్దున్నించి రాత్రిదాకా నడిచేవి ఆ మెషీన్లే, పేషెంట్లు కూడా మెషీన్ పెట్టకపోతే ట్రీట్‌మెంటే కాదనుకుంటారు, ఇది మన వృత్తిలో మనమే మార్చుకోవాల్సిన విషయం, దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఆమెకు నేను మెషీన్ పెట్టలేదు. బెల్టు మొదట రద్దీ ఉండే టైంలో మాత్రం, తర్వాత ఒక పూట, తర్వాత ఇంట్లో మేకుకి. వేడినీళ్ల కాపడం ఆమెకు హాయిగా ఉందంటే కొనసాగించమన్నాను.

వంగడం అన్నింటికన్నా పెద్ద పని. ముందు బల్ల మీద రెండు చేతులూ ఆనించి కొద్దిగా, తర్వాత మోకాళ్లు, చేతుల మీద ఉండి వీపు పైకి గుండ్రంగా చేసి కిందికి వదలడం, తర్వాత కుర్చీలో కూర్చుని మోకాళ్ల దాకా చేతులు జార్చడం. ప్రతిసారీ ముందూ తర్వాతా బొటనవేలి బలం ఆమె కళ్ల ముందే చూసేవాణ్ని, తగ్గలేదు చూడు అని చూపించేవాణ్ని. డిస్క్ బయటికొచ్చేస్తుందన్న భయానికి మాటలతో జవాబు చెప్తే సరిపోదు, ఆమె వేలే ఆమెకు చెప్పాలి. దానితో పాటు నరం మెల్లగా జరిగేలా కూర్చుని మోకాలు చాపుతూ తల పైకెత్తే ఎక్సర్‌సైజ్, కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం, మడమల మీద నడవడం. నడక అయిదేసి నిమిషాలు రోజుకు నాలుగైదుసార్లు, మధ్యాహ్నం షాపు కట్టేశాక, రాత్రి గిన్నెలు కడిగే ముందు. రెండు మూడు వారాలకు ఉప్పల్ భగాయత్ వైపు వెడల్పు రోడ్ల మీద పొద్దున ఇరవై నిమిషాలు ఒకేసారి నడవగలిగింది, ఒళ్లు పక్కకి వాలడం అప్పటికి చాలావరకు పోయింది.

ఎంఆర్ఐ రిపోర్ట్ గురించి కూడా ఒకరోజు కూర్చుని మాట్లాడాం. "మూడు డిస్కులు పోయినయ్" అని అందరికీ చెప్తోంది. నొప్పి అస్సలు లేనివాళ్ల స్కాన్లు మూడు వేలకు పైగా కలిపి చూసిన రివ్యూ 2015లో వచ్చింది, 40 ఏళ్ల వయసువాళ్లలో 68 శాతం మందికి డిస్క్ అరుగుదల, 50 శాతం మందికి బల్జ్ ఉన్నాయి. అంటే ఆమె కౌంటర్ ముందు లైన్‌లో నిలబడ్డ ఆ వయసువాళ్లలో సగం మందికి బల్జ్ ఉంటుంది, వాళ్లకు తెలియదు కూడా. మిగతా రెండు డిస్కుల సంగతి వదిలేయమన్నాను. నరాన్ని నొక్కుతున్న ఆ ఒక్కటి నిజమైన సమస్యే, అది కూడా బయటికి పొడుచుకొచ్చిన ముక్కను శరీరమే మెల్లగా తినేసి చిన్నది చేస్తుంది, చిన్న బల్జ్‌ల కన్నా ఇట్లా పెద్దగా వచ్చినవే ఎక్కువసార్లు కుంచించుకుపోతాయి, ఈ మాట చెప్తే చాలామంది నమ్మరు గానీ స్కాన్లు మళ్ళీ తీసి చూసిన స్టడీలన్నీ కలిపితే తేలింది అదే.

శ్రావణంలో ఒక పెళ్లి ఆర్డర్ ఒప్పుకున్నారు. రెండు రోజులు నిద్రలేకుండా వంట, మూడో రోజుకు కాలు నొప్పి మళ్ళీ ఎనిమిదికి వెళ్లింది. ఫోన్‌లో ఏడుస్తూ మాట్లాడింది. ఇంట్లో మళ్ళీ మొదలు, చూశావా వంగినందుకే ఇట్లా అయింది, చాప మీదే బాగుండేది, బెల్టు తీయొద్దని చెప్పాం కదా. వెంటనే రమ్మని చూశాను. కాలు లేపితే 50 దగ్గర లాగుతోంది, అంటే మొదటిరోజు కన్నా మెరుగే, బొటనవేలి బలం తగ్గలేదు, మూత్రం సమస్య లేదు. నొప్పి పెరగడం వేరు, నరం దెబ్బతినడం వేరు, రెండోది జరగలేదని ఆమె చేతే చూపించాను. అయినా నాకు ఆపరేషన్ చేయించండి సార్ అంది. ఆ మాటను నేను కొట్టిపారేయలేదు, భయంతో అన్నా సరే అది ఆమె హక్కు, న్యూరోసర్జన్ దగ్గరికి రాసిచ్చాను. వెళ్లేముందు ఆపరేషన్ అంటే ఏంటో మాత్రం చెప్పాను. నెదర్లాండ్స్‌లోనే 2007లో వచ్చిన ట్రయల్‌లో 6 నుంచి 12 వారాలు తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని చూశారు, తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కాలు నొప్పి త్వరగా తగ్గింది, ఏడాది తర్వాత చూస్తే మాత్రం రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు, ఆగిన గుంపులో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కి వెళ్లారు. కాబట్టి ఆపరేషన్ మంచాన పడేసేది కాదు, చేయించుకోకపోతే జీవితం పోయేదీ కాదు, నొప్పి ఎంతకాలం భరించగలం, షాపు ఎన్నిరోజులు మూయగలం అనేదాన్ని బట్టి తీసుకునే నిర్ణయం. సర్జన్ కూడా బలం తగ్గలేదు కాబట్టి ఇంకో నాలుగు వారాలు చూద్దాం అన్నారు. పది రోజుల్లో నొప్పి మళ్ళీ నాలుగుకి దిగింది.

ఈ దెబ్బతో షాపులో మార్పులు ఒప్పుకున్నారు, అంతకుముందు చెప్తే వాళ్లాయన తల ఊపి ఊరుకునేవాడు. అన్నం వార్చడానికి నడుము ఎత్తులో ఇనుప స్టాండ్ చేయించారు, గంజు కింది నుంచి ఎత్తే పని లేదు. ఉల్లిగడ్డలు పీట మీద కాకుండా బల్ల మీద నిలబడి, ఒక కాలు చిన్న స్టూల్ మీద పెట్టుకుని. వాటర్ క్యాన్ నేల మీదే ఉంచి పైన ఛార్జింగ్ పంపు బిగించారు. అయినా నేను క్యాన్ ఎత్తడం నేర్పించాను, ఎందుకంటే ఎత్తే అవసరం జీవితంలో పోదు. 1999లో జర్మనీలో ఒకరి డిస్క్ లోపలే సెన్సర్ పెట్టి ఒత్తిడి కొలిచారు, 20 కిలోలు ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1 మెగాపాస్కల్, అదే బరువు ఛాతీకి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 1.8. ఒక్క మనిషి మీద కొలిచిందే, కానీ మన క్యాన్ దాదాపు అంతే బరువు, దూరంగా పట్టుకుంటే ఏమవుతుందో ఆమెకు వెంటనే అర్థమైంది. ఖాళీ క్యాన్‌తో మొదలుపెట్టి, అయిదు లీటర్లు, పది, పదిహేను అంటూ వారాల మీద పెంచాం. మొదటిసారి నిండు క్యాన్ ఎత్తినప్పుడు వాళ్లాయన పట్టుకోబోతే నేనే ఆపాను.

అసలు ఆమె మొదటి వారమే ఒక మాట అడిగింది, బతుకమ్మ ఆడగలనా అని. బతుకమ్మ అంటే తిరుగుతూ ప్రతి అడుగుకీ వంగి చప్పట్లు కొట్టడం, అదీ గంటల తరబడి, వంగొద్దన్న సలహాకి సరిగ్గా ఎదురు. అందుకే దాన్నే టార్గెట్‌గా పెట్టుకున్నాం, చివరి వారాల్లో క్లినిక్‌లో పాట పెట్టుకుని అయిదు నిమిషాలు, పది నిమిషాలు అదే ఎక్సర్‌సైజ్. ఎంగిలిపూల రోజు కాసేపు ఆడింది, మధ్యలో రోజుల్లో ఒకరోజు ఆడి ఒకరోజు ఆగింది, సద్దుల రోజు మధ్యమధ్యలో కూర్చుంటూ చివరిదాకా ఆడింది. మర్నాడు నడుము బరువుగా ఉందట, కాల్లోకి రాలేదు.

దసరా తర్వాత చూసినప్పుడు కాలు 75 డిగ్రీల దాకా లేస్తోంది, బొటనవేలు 5కి 5, మడమల మీద హాల్ అంతా నడిచింది. బీపీ మామూలుకి వచ్చింది. పాదం పైన సాయంత్రం పూట కొంచెం తిమ్మిరి మిగిలింది. ఎంఆర్ఐ మళ్ళీ తీయిద్దామా అని వాళ్లాయన అడిగాడు, డబ్బులు దాచుకోమన్నాను, బలం వచ్చి నొప్పి పోయాక స్కాన్‌లో ఏం కనిపించినా మనం చేసేది మారదు.

ఇప్పుడు కౌంటర్ దగ్గర ఆమెనే అడుగుతున్నారట, నీకెట్ల తగ్గింది, ఏం చేసినవ్ అని. ఏం చెప్పాలి సార్ అని నన్నడిగింది. నీకు జరిగిందే చెప్పు, కానీ మొత్తం చెప్పు అన్నాను, నీ వయసెంత, నొప్పి ఎక్కడిదాకా దిగింది, ఎన్ని నెలలు పట్టింది, మధ్యలో ఎంత పెరిగింది, ఏ డాక్టర్‌ని ఎప్పుడు కలిశావు. చేయొద్దు అనే మాట ఎవరికీ చెప్పకు, ఒక్కటి తప్ప, మూత్రం ఆగినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం జారుతున్నా డాక్టర్ దగ్గరికి పోకుండా ఆగొద్దు అని చెప్పు, అది మాత్రం గట్టిగా చెప్పు అన్నాను. ఆ ఆటో ఆయనకు కూడా చెప్పిందట, నీ మాటే నిజమైందన్నా అని.

నడక ఆపొద్దన్నాను. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన ట్రయల్‌లో, నడక ప్రోగ్రాం చేసినవాళ్లకు నడుము నొప్పి మళ్ళీ రావడానికి పట్టిన సమయం 208 రోజులు, చేయనివాళ్లకు 112, ఖర్చు లేని మందు ఇంతకన్నా ఏముంది, షుగర్ బార్డర్‌లో ఉన్న మనిషికి అది రెండు విధాలా పనికొస్తుంది. సంక్రాంతి తర్వాత మళ్ళీ రమ్మన్నాను. బొటనవేలి బలం, మడమల నడక చూస్తాను, పెళ్లి ఆర్డర్లకు ఒక సాయం మనిషిని పెట్టుకున్నారా లేదా అడుగుతాను, పాదం తిమ్మిరి అప్పటికీ అట్లే ఉంటే అది పాత నరం వల్లా, షుగర్ వల్లా తేల్చడానికి న్యూరాలజిస్ట్‌కి రాసిస్తాను.